ఏడు పందులు, ఒక తెల్లకోటు

సర్వేశ్వరరావు "వాన పడతన్నాది" అంటే, వాళ్ళావిడ రత్నాలు గుమ్మంలోకెళ్ళి చెయ్యి చాపి చూసుకున్నాక గాని ఆరేసిన వడియాలు తీసేది కాదు. అదీ ఇంట్లో అతని మాటకున్న పరపతి. ఊళ్ళో అదీ లేదు. శృంగవరపుకోటలో ఒక సైకిలు షాపులో అతని కొలువు. చక్రాలకి గాలి కొట్టడం, గొలుసులకి నూనె పెట్టడం, కొత్తగా నేర్చుకునే షావుకార్ల వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తడం. ఊళ్ళో సగం మందికి సైకిలు నేర్పింది తనేనని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. తను మాత్రం ఏనాడూ ఎక్కలేదు. ఎక్కుదామంటే సీటు పట్టుకునే నాథుడు దొరకలేదు.

అలాంటివాడికి ఆ చైత్రమాసంలో అదృష్టం తలుపు తట్టింది. అనంతగిరి బంగళాలో దిగిన సర్వే దొరగారి సైకిలు, చక్రం వంగి షాపుకొచ్చింది. దాంతో పాటు బంట్రోతు ఒక కబురు మోసుకొచ్చాడు. దొరకీ దొరసానికీ గోస్తని ఒడ్డునే సైకిళ్ళ మీద ఒక చుట్టు తిరిగి రావాలని సరదా పుట్టిందట. పొద్దున్నే ఈ ఒడ్డున వెళ్ళి, ఆ ఒడ్డున తిరిగొచ్చి, సాయంత్రం టీ వేళకి బంగళా చేరాలి. దారిలో పాతకోటలూ రాతిగుళ్ళూ కనబడాలి. మరీ ఎత్తులుంటే దొరసానికి ఆయాసం, మరీ చదునైతే దొరకి విసుగు. అలాంటి దారి ఆలోచించిపెట్టి, ముందు నడిచి చూపించేవాడికి ఇత్తడి బిళ్ళ కట్టి బంట్రోతుగా వేసుకుంటారట.

ఇత్తడి బిళ్ళ! సర్వేశ్వరరావుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. బిళ్ళ ఉన్నవాడు "వాన" అంటే తహసీల్దారైనా గొడుగు విప్పి తీరాలి. జీతం మాట దేవుడెరుగు, తన మాటని జనం నమ్మాలి, అదొక్కటే అతని కోరిక. అందుకని బావమరిది పెళ్ళికోటు అరువు తెచ్చుకున్నాడు. పాలనురుగులా ఉంది కోటు. అది తొడుక్కుని, బాగుచేసిన సైకిలు నెట్టుకుంటూ ఘాటీ ఎక్కాడు. దారి తెలీదు కదా అంటే, అదో లెక్కా? మధ్యలో ఎవర్నో ఒకర్ని మాటల్లో పెట్టి లాగేస్తే సరి.

పొద్దు వాలే వేళకి, బంగళాకి ఇంకో మలుపు ఉందనగా, జీలుగువలస అనే ఊరి దగ్గర దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి ఉంది. గెడ వెనకాల ఊరి ఆడవాళ్ళంతా పూలు పెట్టుకుని నిలబడ్డారు. కొండల్లో అది ఇటుకల పండగ నెల. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకెళ్తారు, ఆడవాళ్ళు దారులు కాస్తారు. వచ్చేవాడు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, లేదా వాళ్ళతో కలిసి థింసా ఆడాలి. లేకపోతే గెడ లేవదు. ఆ పక్కనే అరుగు మీద ఆకులు మూసిన కుండొకటి ఉంది. అంబలి కాబోలనుకున్నాడు సర్వేశ్వరరావు. ఘాటీ ఎక్కొచ్చిన ఒళ్ళేమో, నోరూరింది కూడా.

"ఏటి బాబు, ఏటిస్తావు?" అని అడిగింది సోములమ్మ. ఆ ఊరి ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద.

అతను జేబులు తడుముకున్నాడు. పెళ్ళినాటి అక్షింతలు నాలుగు గింజలు వేళ్ళకి తగిలాయి.

"ఏటీ నేకపోతే ఆడు," అంది గంగ అనే పడుచుపిల్ల. "ఆ కోటుతో ఆడితే బాగుంటాది."

"ఆటేటి గుంటా! నాను దొరగారి మనిషిని. ఆయనకి ఏటొడ్డున తోవ సూపించీవోణ్ణి."

"దొర మావోళ్ళతో అడవికెల్లినాడు, సందేలకి గాని రాడు," అన్నాడు రాతి మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్న ముసలాయన. పేరు సోంబరు. వేటకి వెళ్ళే వయసు దాటిపోయి ఊళ్ళో మిగిలిన మగవాడు ఆయనొక్కడే. "ఇంతకీ ఏ తోవ సూపిస్తావు?"

"అది సరే, సైకిలు ఎక్కి రాకుండా తోసుకొస్తన్నావేటి?" అంది గంగ.

"దొరగారు కూసునీ సీటు మీద నాను కూసుంటానా? మరేద ఉండొద్దా?" అని గదిమి, సైకిలు గెడకి ఆనించి, కోటు నలగకుండా రాతి అంచున సర్దుకుని కూర్చున్నాడు సర్వేశ్వరరావు. ఆడటం కన్నా చెప్పడం తేలిక. పైగా ఈ ముసలాయన నోటి నుంచి దారి రాబట్టాలి.

"పెద్ద సంగతేటి కాదు తాతా. మొన్న తెల్లారగట్ల, ఊరికే కూసుంటే ఒళ్ళు బరువెక్కిపోతాదని, అలగ ఓ సుట్టు సుట్టొచ్చినాను. బంగళా కాడ సైకిలెక్కినాను, ఏటొడ్డునే దిగినాను, రేవు దాటినాను, అవతలొడ్డున పాతకోట సూసినాను, ఒచ్చీసినాను. ఆడోళ్ళు కూడా తొక్కొచ్చు. అంతే."

అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు.

"రేవు కాడ బండల మీద పాచి గదా బాబు, మేకలే జారతాయి. ఎలగ దాటినావు?" అన్నాడు సోంబరు.

రేవులో బండలుంటాయనీ, వాటి మీద పాచి ఉంటుందనీ సర్వేశ్వరరావుకి అప్పుడే తెలిసింది. తెలిసిన ముక్కని వృథాగా పోనివ్వడం అతని ఇంటా వంటా లేదు.

"ఆ పాచే గదా నాకు సాయం సేసినాది! ముందు సక్రం బండ మీద ఎట్టినానో నేదో సర్రుమని జారినాది. నాను కంగారు పడతానా? కాళ్ళు పైకెట్టీసి సేతులు కట్టీసుకున్నాను. ఈ బండ మీంచి ఆ బండకి, ఆ బండ మీంచి ఇంకో బండకి, సైకిలు దానికదే గెంతుకుంటా పోతన్నాది, మద్దిలో ఓ సేప ఎగిరొచ్చి జేబులో పడ్డాది, 'నీ పని నువ్వు సూసుకోయే' అని మళ్ళీ నీట్లో ఒగ్గీసినాను. అవతలికి సేరీసరికి నా కాలికి తడి తగిల్తే ఒట్టు! ఆ తర్వాత ఏటయ్యిందో తెల్సా?"

"ఏటయ్యింది?" గంగ కళ్ళు పెద్దవయ్యాయి.

"కోట ఒచ్చినాది."

"ఆ కోటకి గోడలే మిగిల్నాయి," అంది సోములమ్మ. "లోనంతా ముళ్ళకంప. పాములు కూడా తప్పుకుని ఎల్తాయి."

"అందికే గదవ్వా గోడెక్కినాను! ముళ్ళకంపని నాకు తెల్దేటి? గోడ నా అరిసెయ్యంత ఎడల్పు. దాని మీద సైకిలు. అలగ కోట సుట్టూ తిరిగొస్తంటే మూల బురుజు మీద ఓ కావిలోడు, గెడ్డం మోకాళ్ళ దాకా దిగిపోనాది. వాళ్ళ రాజు 'నానొచ్చీదాకా కదలకు' అనీసి యుద్దానికి ఎల్లినాడంట. ఎప్పుడు? మా ముత్తాత పుట్టకముందు. రాజు రానేదు, ఈడు కదల్నేదు. నా తెల్లకోటు సూసి రాజుగారే అనుకుని సలాం కొట్టినాడు. నాకు కడుపు తరుక్కుపోనాది. 'ఇంక ఇంటికి పోరా నాయినా' అన్నాను. ఏడుసుకుంటా ఎల్లిపోనాడు. ఆడికి పించను రాయించమని దొరతో సెప్పాల."

"పాపం," అంది సోములమ్మ. నిజంగానే జాలి పడిందో, వెక్కిరించిందో ఆవిడ మొహంలో తెలియలేదు.

"అక్కణ్ణుంచి దిగీసరికి, కోట దిగువన దుంపలు తవ్వుకుంటా ఓ అడివిపంది అడ్డంగా నిలబడ్డాది."

పంది అన్న మాట వినగానే గెడ వెనకాల గుసగుసలు ఆగిపోయాయి. గంగ నవ్వు మానేసింది. సోములమ్మ గెడ మీంచి చెయ్యి తీసేసి దగ్గరికొచ్చింది. "పందా? ఏం సేసినావు దాన్ని?"

సర్వేశ్వరరావు ఒళ్ళు పులకరించింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తన మాటని ఒక మనిషి ఇలా ఊపిరి బిగబట్టి వినడం అతను ఎరగడు. ఇక్కడ ఊరు ఊరే వింటోంది. ఎంత ఆనందం కలిగిందంటే, కళ్ళు చెమర్చాయి. ఇక పట్టపగ్గాలు లేవు.

"ఏం సేత్తాను? గంట కొట్టినాను." లేచి సైకిలు గంట ట్రింగుమనిపించాడు. "అచ్చం ఇలాటి గంటే. ఆ మోతకి దాని గుండె పగిలిపోనాది, నాలుగు కాళ్ళూ పైకెట్టీసినాది. యెనకాలే ఇంకోటి. ట్రింగు! ఇంకోటి. ట్రింగు! ఏడవ్వా! ఏడు పందులు, వరసగా, బంతిలో కూసున్నట్టు పడిపోనాయి."

"ఏడు," అంది సోములమ్మ నెమ్మదిగా. గంగ వైపు తిరిగి తమ భాషలో ఏదో చెప్పింది. గంగ మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని ఇళ్ళవైపు పరిగెత్తింది. వస్తూ కుండలు పట్టుకొచ్చింది. ఏడు పందులు కొట్టిన వీరుడికి ఒక్క కుండ అంబలి ఏం సరిపోతుందిలే అనుకున్నాడు సర్వేశ్వరరావు.

"ఆ తర్వాత ఏటయ్యిందో తెల్సా? ఓ కణుజు దుప్పి ఒచ్చినాది, కొమ్ములు ఇంతేసి. దాన్నీ కొట్టినాను."

"గంటతోనేనా?" అన్నాడు సోంబరు.

"గంట అరిగిపోద్దని కళ్ళతో ఉరిమినాను తాతా. సరిపోనాది."

సోములమ్మ వెనక్కి చూసి వేలు చూపించింది. ఇంకో కుండ వచ్చింది.

"పులి కనబడ్నేదా?" అడిగింది గంగ వగరుస్తూ.

"కనబడ్డాది గాని కొట్టనేదు. కాల్లో ముల్లు దిగి కుంటుతన్నాది పాపం. యెనక కేరేజీ మీద కూసోబెట్టుకున్నాను. బొర్రా గుహల దాకా దింపమన్నాది."

"మాటాడినాదా?"

"పులెక్కడైనా మాటాడతాదేటి? సూపుల్తో అన్నాది." అంత అబద్ధం తను ఆడతాడా అన్నట్టు చూశాడు సర్వేశ్వరరావు.

"బొర్రా కాడ ఏరు కొండలోకి దూరిపోతాది గదా," అన్నాడు సోంబరు. "తోవ అక్కడితో సరి."

"ఏరు దూరిపోతే నాను ఆగిపోతానా? నానూ దూరినాను! లోన కాటుక సీకటి. పులి నా బుజం మీంచి ముందుకి సూస్తన్నాది, దాని కళ్ళే నాకు దీపాలు. కిందంతా నీరు. అందికని గోడ మీద తొక్కినాను. గోడ మీంచి పైకప్పు మీదకి ఎల్లిపోనాను. అక్కడ గబ్బిలాలన్నీ తలకిందులుగా ఏలాడుతా నన్ను సూసి, 'ఈడు మనోడే' అనుకుని తోవిచ్చినాయి. అలగ కొండకి అవతలికి తేలి, పులిని దింపీసి, ఇంక బేగి ఇంటికి పోదారని ఓ తొక్కుడు తొక్కినాను సూడవ్వా! ఎంత జోరంటే, బంగళా కాడికొచ్చి సూస్తే అక్కడెవడున్నాడు? నాను! నానింకా బయల్దేర్నేదు! మెట్ల కాడ ఒంగుని టైరుకి గాలి కొట్టుకుంతన్నాను. 'తప్పుకోరా ఎదవా!' అని నా మీద నానే కేకేసినాను. ఆడు తప్పుకున్నాడు గాబట్టి సరిపోనాది, నేపోతే ఇద్దరం పోదుం."

రొప్పుతూ కూలబడ్డాడు. కోటు అంచు దులుపుకున్నాడు.

"అదీ సుట్టు. ఆడోళ్ళు కూడా తొక్కొచ్చు."

ఎవరూ నవ్వలేదు. అతని ముందు ఎనిమిది కుండలు వరసగా పెట్టారు. గంగ ఒక కుండ మీది ఆకు తీసింది. ముక్కు పుటాలదిరిపోయాయి. అంబలి ఇంత పులుస్తుందా అనుకున్నాడు సర్వేశ్వరరావు. తొంగి చూశాడు. పేడనీళ్ళు. చిక్కగా, పచ్చగా కలిపి ఉన్నాయి.

"ఏడు పందులు, ఓ కణుజు," అంది సోములమ్మ. "మాంసం ఏది బాబు?"

"మాంసమా?"

"పండగ నెలలో ఏట ఆడినోడు ఏట సూపించాల," అన్నాడు సోంబరు, తప్పు తనది కాదన్నట్టు. "మాంసం తెస్తే బుజాలకెత్తుకుని డప్పుల్తో ఊళ్ళోకి తీసుకెల్తాం. వట్టి సేతుల్తో ఒస్తే ఆడోళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. నానూ పోయించుకున్నాను, మా అయ్యా పోయించుకున్నాడు. నువ్వు ఒక్కటి కొట్టినానంటే ఒక్క కుండతో పోను. ఎనిమిది సెప్పినావు."

సర్వేశ్వరరావు కోటు వంక చూసుకున్నాడు. ఈ అవతారంతో దొర ముందు నిలబడితే బిళ్ళ కాదు కదా, బంగళా మెట్టు కూడా ఎక్కనివ్వరు.

"కోటు ఇప్పుకోనివ్వండి పోనీ."

"ఏటగాడు ఎలగొచ్చినాడో అలగే," అంది సోములమ్మ.

అప్పుడు ఆ కొండల్లో ఎన్నడూ జరగని వింత జరిగింది. సర్వేశ్వరరావు కథ వెనక్కి నడవడం మొదలెట్టింది.

"కణుజుని నాను సంపనేదవ్వా. కళ్ళురుముతుంటే సిగ్గుపడి ఎల్లిపోనాది."

సోములమ్మ ఆలోచించింది. గంగ ఒక కుండ పక్కకి జరిపింది.

"ఇంక పందులంటే, అది తెల్లారగట్ల గదా, సీకటి. ఒకే పంది ఏడుసార్లు ఒచ్చిందేమో మరి."

"సచ్చిన పంది మళ్ళీ మళ్ళీ ఎలగొస్తాది?"

"మొదటి ఆరుసార్లూ మూర్ఛ."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. న్యాయం న్యాయమే. ఆరు కుండలు పక్కకి జరిగాయి. ఇంక ఒక్కటే మిగిలింది.

సోంబరుకి జాలేసింది. "ఒక్క ముక్క సెప్పు బాబు. 'నాను పందినీ కొట్టనేదు, తోవా తొక్కనేదు' అనీ. ఆ కుండా తీసేస్తాం, గెడ ఎత్తేస్తాం. కోటు తెల్లగా ఎల్లిపో."

ఎంత చిన్న ముక్క! సర్వేశ్వరరావు ఆ ఆఖరి కుండ వంక చూశాడు. అది తన పంది. ఏడింట్లో ఒక్కటి మిగిలింది. ఇంతమంది ఊపిరి బిగబట్టి విన్న పంది. దాన్ని కూడా ఒగ్గేస్తే, కోట దిగువన ఎవరూ లేరు. పాచి మీద ఎవరూ జారలేదు. సీటు పట్టుకుని షావుకార్ల వెనక పరిగెత్తేవాడొక్కడే మిగులుతాడు. వాడి కోటు ఎంత తెల్లగా ఉంటే మాత్రం ఎవరిక్కావాలి?

లేచి నిలబడి, జుట్టు సవరించుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఆ పంది మాత్రం నిజం," అన్నాడు. "పొయ్యండి."

పోశారు. గంగ మొదట్నుంచీ ఆ కోటు మీద కన్నేసి ఉందేమో, ఒక్క చుక్క నేల పాలు కానివ్వలేదు.

అతను కళ్ళు తుడుచుకుంటూ ఉండగానే అడవి వైపు నుంచి మనుషుల అలికిడి అయింది. ఊరి మగవాళ్ళు తలలు వంచుకుని వస్తున్నారు. ఎవరి చేతిలోనూ కుందేలు పిల్లయినా లేదు. వాళ్ళ వెనక తుపాకీ ఊపుకుంటూ, ఎండకి కమిలిపోయిన మొహంతో సర్వే దొర. మగవాళ్ళు మారుమాట్లాడకుండా వరసలో నిలబడి తలొక చెంబూ పోయించుకున్నారు. దొర వంతు వచ్చింది.

"ఏది దొరా నీ ఏట?" అంది సోములమ్మ.

"పెద్ద పంది," అన్నాడు దొర వచ్చీరాని తెలుగులో. "చాలా పెద్దది. నేను కొట్టాను. పడింది. మళ్ళీ లేచి పరుగు."

చేతులు బార్లా చాపి చూపించాడు. అంత పంది ఉంటే దాని వీపు మీద బంగళా కట్టొచ్చు. సర్వేశ్వరరావు కారుతున్న కోటుతో ఆ చేతుల వంకే చూశాడు. ఈడు మనోడే అనుకున్నాడు, బొర్రాలో గబ్బిలాల్లాగే.

సోములమ్మ గంగ వైపు చూసింది. దొరకి మర్యాదగా టోపీ మీంచి పోశారు.

దొర టోపీ తీసి విదిలించాడు. గెడని చూశాడు, కుండల్ని చూశాడు, పక్కనే పచ్చగా నిలబడ్డ సర్వేశ్వరరావునీ, అతని పక్కన తన సైకిలునీ చూశాడు.

"నువ్వు షాపు మనిషి? ఏటి పక్కన, ఈ కర్ర లేని దారి, మెల్లగా తిరిగి వచ్చేది, ఉందా?"

సర్వేశ్వరరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఉంది దొరా! రేవు దాటి అవతలొడ్డున. కోట, రాతిగుడి. దొరసానమ్మ కూడా తొక్కొచ్చు. మొన్ననే ఎల్లొచ్చినాను!"

"మొన్ననా?" అంది సోములమ్మ. "పండగ మొదలై సానా రోజులయినాది బాబు. అవతలొడ్డున మా అప్ప ఊరు, దాని ఎగువన మా సిన్నత్త ఊరు, కోట కింద ఇంకోటి. అన్ని ఊళ్ళకీ గెడే, అన్ని గెడల కాడా కుండలే. అదంతా మొన్ననే సుట్టొచ్చినోడివి, ఇందాక నా కాడికి ఒచ్చినప్పుడు నీ కోటు అంత తెల్లగా ఎలగుంది?"

సర్వేశ్వరరావు అలవాటుగా కోటు అంచు దులుపుకోబోయాడు. చెయ్యంతా పేడ అయింది. తడిసిన మగవాళ్ళు కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఎందుకు నవ్వుతున్నారని దొర అడిగాడు. సోంబరు చేతులతో కొండలు, గెడలు, కుండలు అన్నీ చూపించి, చివరికి కోటు చూపించి ఓపిగ్గా చెప్పాడు. దొర చాలాసేపు ఆలోచించి, సర్వేశ్వరరావు భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకు బిళ్ళ ఇస్తాను," అన్నాడు. "రేపు దారి చూపించు. నువ్వు ముందు, మేమిద్దరం వెనక."

మళ్ళీ ఒకసారి కుండల వంక చూశాడు.

"చాలా వెనక."